గృహవిజ్ఞానము: గోడ దాటని మాట

ఎల్లారెడ్డినుండి ఒక సోదరి మాకు వ్రాసిన జాబుతో ఈ నెల ప్రసంగము మొదలుపెట్టుచున్నాము. ఆమె భర్తగారు పండ్రెండేండ్లుగా గల్ఫు దేశమున పనిచేయుచున్నారు. ఆ సంపాదనతో రెండేండ్ల క్రిందట పాత మట్టియిల్లు పడగొట్టి, ఆ స్థలముననే రెండంతస్తుల స్లాబు మేడ కట్టించుకొనిరి. గోడలకు పుట్టీ, నేలకు గ్రానైటు, కిటికీలకు అద్దమువలె మెఱయు నల్లగాజు, దోమలు రాకుండ స్టీలుజాలి, ఏ లోపమును లేదు. కాని ఇల్లు పూర్తియైన నాటినుండి ఆమెకు ఇంటిలో కూర్చుండి భర్తతో మాటాడు భాగ్యము లేకపోయినది. ముందరి గదిలో ఫోను ఒకటి రెండు గీతలు చూపును. లోపలి గదిలోనికి పోగానే అవియు మాయమగును. రాత్రి పది గంటలకు ఆయన పని ముగించుకొని పిలుచు వేళకు ఈమె మెట్లెక్కి డాబాపైకి గాని, గేటు దాటి వీధిలోనికి గాని పోవలసి వచ్చుచున్నది.

“పిల్లవాని జ్వరముగూర్చియు, అప్పు వాయిదాగూర్చియు నేను చెప్పుకొను మాటలు ఇరుగుపొరుగువా రందఱును వినుచున్నారు. కంట నీరు వచ్చినను వీధిదీపము క్రిందనే తుడుచుకొనవలెను. పాత యింటిలో పొయ్యి యెదుట కూర్చుండి మాటాడెడిదానను. ఇల్లు కట్టుటలో మేము చేసిన తప్పేమి?” అని ఆమె యడిగినది. వారి యత్తగారి మాటనుకూడ ఆ జాబులో ఉన్నదున్నట్లు వ్రాసినది: “మట్టింట్ల ఉన్నప్పుడు ఫోన్ల మాట మంచిగ ఇనొస్తుండె. గీ బంగ్లలకొచ్చినంక కొడుకు గొంతు ఇనాల్నంటె సడక్ మీదికి పోవాలె.”

ఈ జాబు చదివినపుడు మాకు కామారెడ్డిలోని మా బంధువుల యిల్లు జ్ఞప్తికి వచ్చినది. అచ్చట చిక్కు వేఱు రూపున నున్నది. వారికి వైఫై కలదు. దాని పెట్టె ముందరి హాలులో టీవీ ప్రక్కన గాజు బీరువాలో కొలువై యున్నది. ఇంటర్మీడియేటు చదువుచున్న పిల్ల మాత్రము వెనుకగదిలో కూర్చుండును. ఇంటికి వచ్చిపోవువారి సందడి లేని గది అదియొక్కటే. 2020లో బడులు మూతపడి చదువు ఫోనులోనికి వచ్చిన నాటినుండి ఆ గదిలో పాఠము నడుమ చక్రము తిరుగుట, మాష్టరుగారి నోరు తెఱచినది తెఱచినట్లే నిలిచిపోవుట నిత్యకృత్యమైనది. తండ్రి కంపెనీవారితో తగవులాడి రెండు పర్యాయములు హెచ్చు వేగము గల ప్లానుకు మాఱెను. వేగము పెరిగెను, బిల్లు పెరిగెను, వెనుకగదిలో చక్రము తిరుగుచునే యున్నది.

ఈ రెండిండ్లలోని చిక్కుకును మూలము గోడలలోను, పైకప్పులోను కలదు. ఇల్లు కట్టునపుడు గాలి వచ్చునా, వెలుతురు వచ్చునా, వాస్తు కుదిరినదా యని పదిమందిని అడుగుదుము. మాట వచ్చునా యని అడుగు అలవాటు మన కింకను కలుగలేదు.

రేడియో తరంగములు గోడలను దాటునను సంగతి క్రొత్తది కాదు. 1895లో కలకత్తా టౌనుహాలునందు జగదీశ చంద్ర బోసుగారు ఒక గదిలో పుట్టించిన తరంగములను గోడల కావలి గదిలోనికి పంపి, అచ్చట గంట మ్రోగించి, తుపాకిమందు పేల్చి చూపిరి. అయితే దాటుట వేఱు, చెక్కుచెదరక దాటుట వేఱు. ప్రతి గోడయు తనవంతు సుంకము పుచ్చుకొనియే తరంగమును ఆవలికి పోనిచ్చును. కొంత భాగమును వెనుకకు త్రిప్పికొట్టును, కొంత తానే మ్రింగి వేడిగా మార్చును, మిగిలినదే ఆవలి గదికి చేరును.

మఱి మన పెద్దవారు రేడియో వినునాడు ఈ బాధ లేదేమని అడుగవచ్చును. 1935లో నిజాం ప్రభుత్వము చేపట్టిన దక్కను రేడియో కాలమునుండి మనయిండ్లలో విన్నది మీడియం వేవు ప్రసారము. హైదరాబాదు ఆకాశవాణివారి 738 కిలోహెర్ట్జుల తరంగము పొడవు 400 మీటర్లకు పైబడి యుండును. అంతటి తరంగమునకు మట్టిగోడయు పెంకుటికప్పును లెక్కలోనివి కావు. నేటి వైఫై పెట్టె వెలువరించు తరంగములు రెండు విధములు. 2.4 గిగాహెర్ట్జుల తరంగము పొడవు సుమారు 5 అంగుళములు. 5 గిగాహెర్ట్జులదానిది రెండుంబావు అంగుళములు. ఫోను టవరునుండి వచ్చునవి కొన్ని అడుగు పొడవున, కొన్ని అంతకు తక్కువగా నుండును. తరంగము పొట్టిదైనకొలది ఎక్కువ సమాచారము మోయగలదు గాని, సాధారణముగా గోడయెదుట త్వరగా అలసిపోవును. అందుచేతనే పెట్టె యున్న గదిలో 5 గిగాహెర్ట్జులు పరుగులు పెట్టుచుండ, రెండు గదుల కావల 2.4 మాత్రమే నడచుచుండును.

ఈ సుంకమును ఇంజనీర్లు డెసిబెల్లులలో కొలుతురు. పేరు కఠినమైనను లెక్క సులభము. 3 డెసిబెల్లులు పోయినచో సగము పోయినట్లు. 10 పోయినచో పదింట ఒక వంతే మిగిలినట్లు. 20 పోయినచో నూటికి ఒకటి, 30 పోయినచో వేయింటికి ఒకటి. ఒక సేరు పాలలో తొమ్మిది సేర్ల నీరు పోసితిమనుకొనుడు, అది 10. ఆ కలిపినదానిలో ఒక సేరు తీసి మఱల తొమ్మిది సేర్ల నీరు పోసినచో అది 20. పాలవాడు ఇట్లు చేసినచో ఊరకుందుమా? గోడ చేసినచో తెలిసికొనలేకున్నాము.

1997లో అమెరికా దేశపు ప్రమాణముల సంస్థవారు ఇటుక, కాంక్రీటు, కఱ్ఱ, గాజు మొదలగు కట్టడపు సరకులను ఒక్కొక్కటిగా నిలబెట్టి రేడియో తరంగములతో పరీక్షించిరి. మూడున్నర అంగుళముల ఇటుక కొద్ది డెసిబెల్లులనే మ్రింగగా, 8 అంగుళముల కాంక్రీటు 20కి మించి మ్రింగినట్లు తేలినది. కఱ్ఱ, సాదా గాజు బహు స్వల్పముగా పుచ్చుకొనును. తరంగమునుబట్టియు, సరకు తడినిబట్టియు అంకెలు మాఱును గాని వరుస మాఱదు: కఱ్ఱయు గాజును ముందు, పిమ్మట ఇటుక, దానిపైన రాయియు కాంక్రీటును, అన్నిటికంటె కడపట లోహము. లోహపు రేకును తరంగము దాటనే దాటదు.

ఇక ఎల్లారెడ్డి సోదరి ప్రశ్నకు వత్తము. మట్టియింటిలో సిగ్నలు వచ్చినది గావున మట్టిగోడ మంచిది, సిమెంటు గోడ చెడ్డది అని మన కనిపించును. అది పొరపాటు. పాత కాలపు మట్టిగోడ అడుగున్నర, రెండడుగుల మందముండును. అంతటి గోడ కూడ తరంగమును బాగుగనే మ్రింగును. వానకాలమున నెమ్మెక్కిన గోడ మఱింత మ్రింగును, ఏలయన నీరు ఈ తరంగముల శక్తిని పీల్చుకొనును. పాత యింటి రహస్యము గోడలో లేదు, కప్పులో నున్నది. కఱ్ఱ దూలములు, వాసములు, వానిపై గూనపెంకులు. ఆ కప్పు వానను ఆపెను గాని తరంగమును అంతగా ఆపలేదు. నడిమి వాకిలి గల పాత భవంతులలోనైతే ఆకాశమే ఇంటినడుమకు దిగియుండెను. టవరునుండి వచ్చిన తరంగము పెంకులనుండియు, వాకిలినుండియు, కఱ్ఱ తలుపులనుండియు దిగి వంటింటి మూలకు చేరెను. క్రొత్త యింటిలో ఆ దారులన్నియు ఒక్కసారిగా మూసుకొనిపోయినవి.

స్లాబు సంగతి చూడుడు. అయిదంగుళముల కాంక్రీటులో ఆఱేసి అంగుళముల దూరమున ఇనుప సలాకలను గళ్లుగళ్లుగా అల్లి పోయుదురు. అడుగు పొడవు గల తరంగమునకు ఆ గళ్లు వలవంటివి. వల కన్నులకంటె చేప పెద్దదైనచో ఆవలికి పోదు గదా. పొట్టి తరంగము గళ్లలోనుండి దూరగలదు గాని, దానిని కాంక్రీటే మ్రింగివేయును. రెండంతస్తుల మేడలో క్రింది వంటిల్లనగా నెత్తిన రెండు స్లాబులు. క్రొత్తగా పోసిన కాంక్రీటులో నీరింకను మిగిలియుండును గనుక తొలినాళ్లలో బాధ మఱికొంత హెచ్చు. కాలక్రమమున కొంత తగ్గును, పూర్తిగా పోదు.

కిటికీలైనను తెఱపి యిచ్చునా యనగా, అవియే మనము ఎక్కువ డబ్బు పెట్టి మూయించిన దారులు. రంగు గాజు దోషము కాదు. ఎండను త్రిప్పికొట్టుటకై లోహపు పూత పూసిన గాజు మాత్రము ఎండతోపాటు తరంగమునుకూడ త్రిప్పికొట్టును. చూపునకు భేదము తెలియదు. ఫోను పట్టుకొని కిటికీ మూసి యొకసారి, తెఱచి యొకసారి చూచినచో తెలియును. దోమలకు వేసిన స్టీలుజాలి అంతకంటె గడుసుది. దాని రంధ్రములోనుండి గాలి వచ్చుచున్నది, వెలుతురు వచ్చుచున్నది, తరంగమెందుకు రాదందురా? మీ యింట మైక్రోవేవ్ ఓవెన్ యున్నచో దాని తలుపు చూడుడు. గాజువెనుక సన్నని రంధ్రముల లోహపు తెర యుండును. లోన తిరుగుచున్న గిన్నె మనకు కనబడును. లోని తరంగము మాత్రము బయటికి రాదు. రంధ్రము తరంగము పొడవుకంటె మిక్కిలి చిన్నదైనపుడు లోహపు జాలియు లోహపు రేకుతో సమానమే. ఓవెన్ తలుపునకు వేసిన తెరనే మనము వంటింటి కిటికీకి బిగించి, సిగ్నలు రాలేదని చింతించుచున్నాము. నైలాను జాలికి ఈ దోషము లేదు, ధరయు తక్కువ.

ఫోను విషయమున మఱొక సంగతి. మాట ఒక్క దిక్కున వచ్చిన చాలదు. టవరు బిగ్గరగా పలుకగలదు. మన చేతిలోని ఫోనుకు అంత గొంతు లేదు. గోడల నడుమ చిక్కినపుడు అది యావచ్ఛక్తిని వెచ్చించి అరచును. లోపలి గదిలో పెట్టిన ఫోను బ్యాటరీ సాయంకాలమునకే అయిపోవుచున్నదని, చేతికి వేడి తగులుచున్నదని కొందఱు చెప్పుటకు ఇది యొక కారణము.

ఇదంతయు చదివి స్లాబిల్లు వలదని మేము చెప్పుచున్నామని యెవరును భావింపకుందురు గాక. కోతులు పెంకులు విఱుగగొట్టుట, ఏటేట కప్పు సరిచేయించుట, చూరునుండి తేలు పడుట, ఇవన్నియు అనుభవించిన ఆడువారే మేడ కోరుకొనిరి. 2025 ఆగస్టు చివరను కామారెడ్డి జిల్లాలో కురిసిన కుంభవృష్టి ఎవరు మఱతురు? ఊళ్లు జలమయమై, రైళ్లుకూడ నిలిచిపోయిన ఆ దినములలో మట్టియింటిలో ఉన్నవారి భయము స్లాబు క్రింద నున్నవారికి లేదు. మేడను ఉంచుకొనియే మాటకు దారి చేయవలెను. ఆ దారి ఇల్లు కట్టునపుడు వందలలో అగును, కట్టినపిమ్మట వేలలో అగును.

కామారెడ్డి యింటిలో మేము చేసిన పని చెప్పెదము. ఫోనులో సిగ్నలు బలమును అంకెలలో చూపు ఉచిత సాధనములు కలవు. ఆ అంకెకు ముందు ఋణచిహ్న ముండును. అంకె చిన్నదైనకొలది మేలు. వైఫైకి ఋణ 50, 60 అనగా భేషు. 70 వఱకు ఫరవాలేదు. 80 దాటినచో చక్రము తిరుగుట మొదలగును. హాలులో పెట్టెయెదుట 41 ఉన్నది. వెనుకగదిలో పిల్ల బల్లయొద్ద 84. అనగా దారిలో నలుబదిమూడు డెసిబెల్లులు పోయినవన్నమాట. ఎవరు తినిరో వెదకుచు మేము గది గదికి నడచితిమి. దూరమునకే కొంత పోవును, అది న్యాయమైన ఖర్చు. తక్కినది చూడగా, పెట్టె టీవీ వెనుక నున్నది, టీవీ వెనుక లోహపు పలక. హాలుకు పిల్ల గదికి నడుమ స్నానాలగది, దాని గోడకు రెండువైపుల టైల్సు, అటకపై నిండు నీళ్ల డ్రమ్ము. పిల్లగది గోడకు ఆనించి అమ్మమ్మగారి ఇనుప బీరువా, దానికి నిలువెత్తు అద్దము. పైగా తరంగము గోడలను ఎదురుగా కాక ఏటవాలుగా దాటవలసియున్నది. నాలుగున్నర అంగుళముల గోడను అడ్డముగా కోసినచో నాలుగున్నర. ఏటవాలుగా కోసినచో ఏడో ఎనిమిదో అగును. హెచ్చు ప్లాను ఇనుప బీరువాను కరిగింపగలదా?

మేము పెట్టెను గాజు బీరువానుండి బయటికి తీయించి, పది గజముల తీగె తెప్పించి, హాలుకును వెనుకకును నడుమనున్న నడవలో తలయెత్తుకంటె కొంచెము పైగా కఱ్ఱపలకపై పెట్టించితిమి. అచ్చటినుండి పిల్ల గదికి దారిలో కఱ్ఱ తలుపొకటే అడ్డము. ఇనుప బీరువాను ఎదుటి గోడకు జరిపితిమి. పిల్ల బల్లయొద్ద అంకె 63 అయినది. ఖర్చు మూడువందల రూపాయలు కూడ కాలేదు.

అయితే అంత సులభముగా కాలేదని కూడ చెప్పవలెను. “పెట్టె హాలులోనుండి తీసినచో నా టీవీకి ఎట్లు?” అని యింటి యజమాని యడిగెను. టీవీయొద్ద అంకె 41 నుండి 52 అయినది, అది మిక్కిలి చాలునని చూపినను ఆయన ముఖము ప్రసన్నము కాలేదు. వచ్చినవారికి పెట్టె కనబడవలెనట! ఇంటిలో అందఱును తిన్నపిమ్మట గిన్నె అడుగున మిగిలినది తినుట మన ఆడువారికి అలవాటైన పని. సిగ్నలు విషయమునను అట్లే జరుగుచున్నది. పెట్టె మగవారు కూర్చుండు ముందరి గదిలో బిగింతురు. వంటింటికి, పడకటింటికి, ఆడపిల్ల చదువుగదికి గోడలు తినగా మిగిలినది వచ్చును. తీగె తెచ్చిన కుఱ్ఱవాడు తలుపుప్రక్కనే బిగించిపోవుట వానికి సులువు గనుక అట్లు జరుగుచున్నది గాని, శాస్త్రమేదియు అట్లు చెప్పలేదు. వాడు వచ్చిన దినమున గృహిణి వంటింటిలోనుండి ఒక్క నిమిషము బయటికి వచ్చి “ఇక్కడ కాదు నాయనా, ఆ నడవలో” అని చెప్పవలెను.

ఇక ఇల్లు కట్టించుకొనబోవు సోదరీమణులు. కామారెడ్డినుండి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి పోవు దారిలో పెంకుటిండ్ల నడుమ క్రొత్త పిల్లర్లు లేచుచుండుట చూచుచునే యున్నాము. స్లాబు పోయుటకు ముందు సలాకలు కట్టిన దినమున, కరెంటు పైపులు పరచునపుడే, వేఱుగా మఱొక పైపు పరపించుడు. అది వీధివైపునుండి ఇంటినడుమకు, అటనుండి మేడమీది నడిమి గదికి పోవలెను. లోన ఏమియు లేకున్నను సరే, లాగుటకు సన్నని తీగె యొకటి ఉంచిన చాలును. కరెంటు తీగెలు పోవు పైపులోనే ఈ తీగెను త్రోయింపరాదు, అది అపాయము. పైపు చివర పెట్టె పెట్టుచోట ఒక ప్లగ్గు పాయింటు ఉండవలెను. అది లేకపోవుటచేతనే సగము ఇండ్లలో పెట్టె టీవీయొద్దకు పోవుచున్నది. మేడమీదికి తరంగము స్లాబును చీల్చుకొని పోవలెనని ఆశింపరాదు. మెట్ల గది తెఱపియే దానికి నిజమైన మెట్లు. పెద్ద యిల్లైనచో మేడమీద రెండవ పెట్టె తీగెతో కలిపి పెట్టించుటయే మేలు. తీగెలేక గాలిలోనే అందుకొని మఱల పంపు చిన్న పెట్టెలును అమ్ముదురు. వానిని సిగ్నలు లేని గదిలో పెట్టినచో లేనిదానినే పంచును. సిగ్నలు ఇంకను బాగుగ నున్న చోట, సగము దారిలో, పెట్టవలెను.

పైకప్పు లోపల చల్లదనమునకై వెండి కాగితమువంటి పొర వేయుచున్నారు. ఎండకు మంచిదే, తరంగమునకు మాత్రము అది లోహపు గోడ. ఇనుప రేకుల గదియు అట్టిదే. అట్టి గదిలో బీడీలు చుట్టుకొనుచు కూర్చుండు సోదరికి ఫోను మ్రోగలేదన్నచో తలుపొద్దకు పీట జరుపుకొనుటకంటె ఖర్చులేని వైద్యము మాకు తోచలేదు.

దుకాణములలోను, ఫోనులో వచ్చు ప్రకటనలలోను “సిగ్నలు బూస్టరు” అను యంత్రములు అమ్మజూపుదురు. టవరు సిగ్నలును పెంచు ఇట్టి యంత్రమును అనుమతి లేక బిగించుట మనదేశమున చట్టవిరుద్ధము. నేరమను మాట అటుంచి, అది పెట్టిన యింటివారికి గీతలు పెరిగినను చుట్టుప్రక్కల నాలుగిండ్లవారి మాటలు తెగిపోవును. దానికి బదులు ధర్మమైన ఉపాయమొకటి కలదు. తీగెద్వారా వచ్చు ఇంటర్నెట్టు ఇంటిలో నున్నచో, ఫోను అమరికలలో “వైఫై కాలింగు” అనునది త్రిప్పవలెను. అపుడు సాధారణపు ఫోను మాటకూడ టవరుతో పనిలేక వైఫైమీదుగా పోవును. మనదేశమున ఇది 2019 చివరనుండి వచ్చినది. నేటి ఫోనులలో పెక్కింటికి కలదు, అదనపు రుసుము లేదు. కలదని తెలియక ఊరకున్నవారే హెచ్చు.

చంటిబిడ్డ యున్న గదిలో పెట్టె పెట్టవచ్చునా యని తఱచుగా అడుగుదురు. వైఫై పెట్టె వెలువరించు శక్తి ఒక వాటులో పదియవ వంతు మొదలు ఒక వాటు లోపల. మైక్రోవేవ్ ఓవెన్ లోపల పుట్టునది ఏడెనిమిది వందల వాట్లు. ఎక్స్‌రే వంటి కిరణముల జాతి ఇది కాదు. అయినను ఊయల ప్రక్కన పెట్టవలసిన అవసరమేమి? నడవలోనే ఉండనిండు.

ఎల్లారెడ్డి సోదరికి మేము ఈ సంగతులే జవాబుగా వ్రాసితిమి. ఈ మధ్య ఆమెనుండి రెండవ జాబు వచ్చినది. తీగె ఇంటర్నెట్టు పెట్టించుకొనిరట. పెట్టెను మొదట మామగారి గదిలో బిగించి పోయిరట. ఆమె కరెంటు పనివానిని పిలిపించి, మెట్లక్రింద ఖాళీగా మిగిలిన పైపొకటి యున్నట్లు తానే కనిపెట్టి, దానిలోనుండి తీగె లాగించి, మెట్ల మలుపులో పెట్టె పెట్టించినది. పనివాడు కాదనెను గాని, పైపు తుదనున్న మూత తీసి చూపుసరికి ఊరకుండెనట. ఇపుడు అత్తగారు తన మంచముమీదనే కూర్చుండి కొడుకు మాట వినుచున్నారు. రాత్రి పది గంటలకు కోడలు పడకగది తలుపు వేసికొని మాటాడుచున్నది. వంటింటిలో మాత్రము ఇంకను రెండు గీతలే. కిటికీ స్టీలుజాలి విప్పి నైలాను బిగించుటకు వడ్రంగి వచ్చెదనని మూడు ఆదివారములుగా చెప్పుచున్నాడట.